నాలుగో జ్వరం

మిట్టేమరి
7 సెప్టెంబరు 2025, ఆదివారం

చిరంజీవి వినుతకు, అవ్వ సుబ్బలక్ష్మమ్మ దీవించి రాసేది.

పాపా, నీ ఒళ్ళు ఎలా ఉంది? పోయిన నెల వచ్చినప్పుడు కళ్ళకింద నల్లగా ఉన్నాయి, తగ్గాయా? నీ గదిలో ఉండే సహనకు జలుబన్నావు, అది దగ్గులోకి దిగలేదు కదా? దిగితే నువ్వు తల అటు తిప్పి పడుకో. మీ పీజీ ఓనరు సుజాతమ్మకు మోకాలు నొప్పి ఎలా ఉంది? ఊరికే మెట్లెక్కవద్దని చెప్పు. మీ ఆఫీసులో అమరనాథ్ సారుకు కోపం ఎలా ఉంది? అది కూడా ఒక జబ్బే కాబట్టి అడుగుతున్నాను.

ఇక్కడ మీ నాయన కులాసా. మీ అమ్మ ప్రేమకు నడుం పట్టింది, వదిలింది, మళ్ళీ పట్టింది. ఎర్రావు పొద్దున మేత ముట్టలేదు. సాయంత్రానికి ముడుతుందో లేదో అని ఇది రాస్తూ అటే చూస్తున్నాను. నాకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి ఫోన్ పెడితే జల్లెడలో రాగులు పోసినట్టు ఒకటే గరగర. మొన్న నువ్వు బాగున్నానన్నావో బాగలేనన్నావో తెలియలేదు. మీ నాయన బాగున్నావనే చెప్పాడు కానీ, వాడు ఏది అడిగినా అలాగే చెబుతాడు. అందుకే ఈ ఉత్తరం. మా పుట్టింట్లో మూడో తరగతితో బడి మాన్పించారు కానీ తెలుగు అక్షరాలు వచ్చేదాకా మా నాయన వదలలేదు. నువ్వు కన్నడ బడికి పోతుంటే నీకు నేను దిద్దించాను. ఇప్పుడు పనికొచ్చింది చూడు. పోస్టును నేను నమ్మను. మన బస్సు కండక్టరు ఈరప్ప ఈ కవరు మీ గేటు దగ్గర ఇస్తాడు. జవాబు అతని చేతికే ఇవ్వు. డబ్బాలో వేరుశనగ పొడి ఉంది, మూత గట్టిగా పెట్టు, చీమలు.

అసలు సంగతి. మీ నాయన తేల్చి చెప్పేశాడు. "ఆర్నెల్లు చూసి పర్మనెంట్ చేస్తామన్నారు కదా, అక్టోబరు ఆఖరు దాకా చూస్తా. చేస్తే సరి. లేదంటే ఇంటికి రానీ. బాగేపల్లి తాలూకా ఆఫీసులో కంప్యూటర్ పని ఉండాది, మాట్లాడి పెట్టినా" అన్నాడు. "ఇప్పుడే ఎందుకు మాట్లాడినావురా, కీడెంచి" అని నేను గొడవ పడ్డాను. పడ్డానే కానీ, మనిషి ఎలుగుబంటిగా మారే బొమ్మలు గీయడం ఒక ఉద్యోగమేనా పాపా? నన్ను అడిగిన వాళ్ళకు ఏమని చెప్పాలి? కంప్యూటర్ అని మాత్రం చెబుతున్నాను.

వచ్చే శుక్రవారం పట్టుపురుగులు తెస్తాం. ఈసారి పురుగుమీద గుడ్డు పెట్టి చంపే ఊజీ ఈగ ఎక్కువగా ఉందట. భయంగా ఉంది.

అవ్వ

*

చిక్కబళ్ళాపురం
10 సెప్టెంబరు

అవ్వకు వినుత నమస్కారాలు.

నేను బాగున్నాను. బాగున్నాను అనే రాశాను, రెండుసార్లు చదువుకో. సహన జలుబు పోయింది. సుజాతమ్మ మోకాలు బాగలేదు. బాగలేదని చెప్పడానికి రోజూ మెట్లెక్కి మా గదికి వస్తుంది. అమరనాథ్ సార్ కోపం పెరిగింది.

మేం చేసేది ఫోన్‌లో ఆడే ఆట. అందులో కొండమీద ఒక ముసలమ్మ ఉంటుంది. ఊరికి ఆపద వచ్చినప్పుడు ఎలుగుబంటిగా మారుతుంది. నేను ఎలుగవ్వ అని పిలుచుకుంటున్నాను (నిన్ను చూసి పెట్టలేదు, ఒట్టు). మనిషి ఒళ్ళు ఎలుగుబంటి ఒళ్ళు ఎలా అవుతుందో కారణాలు రాసి, బొమ్మలు గీసి ఇవ్వడం నా పని. ఐదుసార్లు ఇచ్చాను. ఐదుసార్లూ తిప్పి పంపాడు.

"వినుతా, ఈ ముసలావిడ నలభై ఐదు కిలోలు. ఎలుగుబంటి నూట ముప్పై. తక్కిన ఎనభై ఐదు ఎక్కడినుంచి వచ్చాయి? గాలి తిన్నదా?"

"మంత్రం కదా సార్" అన్నాను.

"మంత్రం అంటే మనకు తెలియదని అర్థం. తెలియనిది బొమ్మలో దొరికిపోతుంది. ఎముకలు పటపటా విరిగి ఒక్క నిమిషంలో మారిపోయేవి అన్ని ఆటల్లోనూ ఉన్నాయి. నాకు నిజంగా బతికిన జంతువు కావాలి."

ఆయన చెప్పింది తప్పు కాదు, అదే నా కడుపుమంట. మూడు వారాలుగా ఇంటర్నెట్‌లో కప్పలు, తూనీగలు, పాములు అన్నీ చదివాను. చదివేకొద్దీ మన పురుగుల మనె, ఆ పెంపకం కొట్టం వాసన ముక్కుకు తగులుతోంది. ఇంట్లోనే పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నానేమో. నువ్వు చెప్పు. పురుగు అంత బరువు ఎలా పెరుగుతుంది? పాత తోలు ఎలా వదులుతుంది? వదిలేటప్పుడు దానికి నొప్పి ఉంటుందా? నాకు నీ మాటల్లోనే కావాలి.

వినుత

*

మిట్టేమరి
13 సెప్టెంబరు

పాపా,

నీ ఉత్తరం చదివి నాకు దిగులు పట్టుకుంది. ఆ ముసలమ్మకు ఎవరూ లేరా? ఎలుగుబంటై కొండమీద తిరుగుతుంటే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు? మళ్ళీ మనిషి అవుతుందా, కాదా? ఇవన్నీ ఆ సారు అడగలేదా? కిలోలు అడిగాడా?

సరే, కిలోల సంగతే చెబుతాను. ఆకు పాపా, ఆకు. గుడ్డులోంచి వచ్చినప్పుడు వెంట్రుక తుంటంత. ఆఖరికి నా వేలంత. ఆ వేలిలో ఉన్నదంతా మల్బరీ ఆకే, గాలి కాదు. నాలుగు జ్వరాలు లేచేదాకా తిన్నది ఒక ఎత్తు, ఆ తర్వాత వారం రోజుల్లో తినేది నాలుగెత్తులు. అప్పుడు మనెలో చప్పుడు విన్నావు కదా, కొత్త చీర మడత విప్పుతూనే ఉన్నట్టు. అది ఇప్పుడు నాకు వినబడదు. చెయ్యి తట్టమీద పెడితే తెలుస్తుంది. కాబట్టి మీ ముసలమ్మ ఒక నిమిషంలో ఎలా మారుతుంది? నెలల ముందునుంచే తినాలి. "ఏమి ఈ ముసల్ది, ఆరు సంకటి ముద్దలు మింగి ఇంకా చూస్తాండాది" అని ఊరు చెప్పుకోవాలి.

ఇక తోలు. జ్వరం అంటే నీకు చెప్పనక్కరలేదు, కానీ సారుకు చెప్పాలి కదా, అందుకని రాస్తున్నాను. ఒళ్ళు పెరుగుతుంది, తోలు పెరగదు. చాలనప్పుడు పురుగు తిండి మానేసి, తల పైకెత్తి, రాయిలా ఒక దినమంతా నిలబడిపోతుంది. దాన్నే జ్వరానికి కూర్చోవడం అంటాం. ఒళ్ళు కాలదు, జబ్బు కాదు. కూర్చునే ముందు కాళ్ళకింద సన్నగా పట్టుదారం వేసుకుని నేలకు అంటించుకుంటుంది, లేకపోతే పాత తోలు కూడానే వస్తుంది. లోపల కొత్త తోలు పెట్టెలో చీరలా మడతలుగా ఉంటుంది. మెడ దగ్గర పగిలితే ముందుకు నడిచి బయటికి వచ్చేస్తుంది. పాత తల మాత్రం ఆఖరున, మూతికి టోపీలా వేలాడి రాలుతుంది. ఇలా నాలుగుసార్లు. మీ ముసలమ్మ కూడా ఏ గుహలోనో రాయికి అంటుకోవాలి.

నొప్పి అడిగావు. నాకు తెలియదు. మా అత్తగారు ఒకటే చెప్పేది. జ్వరంలో ఉన్నదాన్ని ముట్టవద్దు, ఆకు వేయవద్దు, తలుపు తెరవవద్దు. బతికున్నాయా లేదా అని చూడబుద్ధి అవుతుంది. చూడకూడదు. అన్నిటికంటే కష్టం అదే.

నిన్న పురుగులు వచ్చాయి, రెండో జ్వరం లేచినవి. ఆకు బాగా తింటున్నాయి. నువ్వు తింటున్నావా? ఎర్రావు కులాసా. జవాబు వెంటనే రాయి.

అవ్వ

*

చిక్కబళ్ళాపురం
24 సెప్టెంబరు

అవ్వా,

ఆలస్యమైంది. నువ్వు ఎన్నిసార్లు గేటు దగ్గరికి వచ్చి బస్సు చూశావో ఈరప్ప చెప్పాడు.

నువ్వు చెప్పినదంతా కన్నడలో నాలుగు పేజీలు రాసి, "ఎలుగవ్వకు నాలుగు జ్వరాలు" అని పైన పెట్టి ఇచ్చాను. ఆ వారం సార్ ఊళ్ళో లేడు. పేజీలు నేరుగా రంగులు వేసేవాళ్ళకు పోయాయి. వాళ్ళు బెంగళూరు పిల్లలు, పురుగు మొహం చూసి ఎరుగరు. వారం రోజులు కష్టపడి ఏం గీశారో తెలుసా? ఎలుగవ్వ దుప్పటి కప్పుకుని వణుకుతోంది. కళ్ళు ఎర్రగా చింతనిప్పులు. ఒంట్లోంచి ఆవిరి. నుదుటిమీద తడిబట్ట వేశారవ్వా! నోట్లో థర్మామీటర్ ఒక్కటే తక్కువ.

సార్ వచ్చి చూశాడు. "ఇదేమిటి, ఈమెకు జబ్బు చేస్తే ఎలుగుబంటి అవుతుందా? దగ్గితే ఊరంతా ఎలుగుబంట్లేనా?"

"జ్వరం అంటే జ్వరం కాదు సార్."

"మరి జ్వరం అని ఎందుకు రాశావు?"

"మా వైపు అలాగే అంటారు."

పదిమంది నవ్వారు. వారం రోజుల పని పారేశారు, తప్పు నాది. ఎంత చెప్పబోయినా ఎవరో ఒకరు "పారాసిటమాల్ ఇచ్చారా" అంటారు, మళ్ళీ నవ్వు. ఇంకా ఐదు వారాలే ఉంది. ఆఖరుసారి ఇవ్వమన్నాడు. వచ్చే నెల ఆరో తేదీకి ఇవ్వాలి.

ఒక వారం సెలవు పెట్టి గదిలోనే గీస్తున్నాను. తినబుద్ధి కాదు, మాట్లాడబుద్ధి కాదు. నేనే నాలుగో జ్వరానికి కూర్చున్నాను అనుకో. ఫోన్ తీసి పక్కన పెట్టాను. నన్ను కదపవద్దు అవ్వా. ఆకు కూడా వేయవద్దు. లేచినాక నేనే రాస్తాను.

వినుత

*

మిట్టేమరి
26 సెప్టెంబరు

పాపా,

నీ ఉత్తరం ఏడుసార్లు చదివాను. కదపవద్దన్నావు, కదపను. మీ అమ్మ చిక్కబళ్ళాపురం వస్తానని చీర కట్టుకుంది, విప్పించాను. మీ నాయన ఫోన్ చేస్తానంటే చేతిలోంచి లాక్కున్నాను. నా సంగతి నీకు తెలుసు, ఇది నాకు ఎంత కష్టమో కూడా తెలుసు.

కానీ నేనొక్కదాన్ని ఊరుకుంటే చాలుతుందా? ఆ సుజాతమ్మ మెట్లెక్కి వచ్చి తలుపు కొడుతుంది. ఆమె మనసు మంచిది, అదే భయం. దానికి నేనొక ఏర్పాటు చేస్తాను. నువ్వు నిశ్చింతగా ఉండు.

ఇక్కడ పురుగులు బాగున్నాయి. అందరూ బాగున్నారు. ఇంతకంటే రాస్తే కదిపినట్టు అవుతుంది.

అవ్వ

*

చిక్కబళ్ళాపురం
30 సెప్టెంబరు

అవ్వా, ఏం చేశావు నువ్వు?

శనివారం మధ్యాహ్నం తలుపు దబదబా కొట్టారు. తీస్తే సుజాతమ్మ, మూతికి తువ్వాలు కట్టుకుని, మెట్లమీద ఐదడుగుల దూరంలో నిలబడి ఉంది. వెనకాల ఆటో డ్రైవరు, అతనికి కూడా తువ్వాలు. "ఏమ్మా, నాలుగుసార్లు జ్వరం వచ్చినా నోరు తెరిచి చెప్పలేదే! ఇంకో పది మంది పిల్లలున్నారు నా ఇంట్లో!" అని ఏడుపు, కోపం రెండూ.

నువ్వు బస్సులోంచి ఈరప్ప ఫోన్‌తో ఆమెకు ఫోన్ చేశావట కదా. ఆమె చెప్పినదాన్ని బట్టి నువ్వు అరిచింది ఇది: "అమ్మా, మా పాపకు నాలుగో జ్వరం! ముట్టద్దండి! అన్నం పెట్టద్దండి! తలుపు తెరవద్దండి! అదే లేస్తాది!" ఆమె "ఏం జ్వరం, ఎప్పటినుంచి, డాక్టరేమన్నాడు" అని అడుగుతూనే ఉందట. నీకు వినబడక "సంతోషమమ్మా, సంతోషం" అని పెట్టేశావట!

ఆసుపత్రిలో నర్సు రాసుకుంటూ "ఇది నాలుగోది అయితే మునుపటి మూడు ఎప్పుడొచ్చాయి?" అని అడిగింది. నేనేం చెప్పను? నాలుగైదు దినాలకు ఒకటి, పోయినసారి తోలు వదిలాను అని చెప్పనా? డెంగీకి ఒకసారి, టైఫాయిడ్‌కి ఒకసారి, రక్తం చాలలేదని ఇంకోసారి సూది గుచ్చారు. ఏమీ లేదని తేలేదాకా రెండు రోజులు మంచం మీద పడుకోబెట్టారు. సహన సామాను తీసుకుని వాళ్ళ అత్త ఇంటికి పోయింది. నా గది ఫినాయిల్‌తో కడిగి, గోడకు అంటించిన బొమ్మలు నానబెట్టి ఒక బకెట్లో వేశారు.

ఆ బొమ్మలు రాత్రీ పగలూ నాలుగు రోజుల పని. ఆరు రోజుల్లో అవీ, తక్కినవీ గీయాలి.

ప్రపంచంలో ఎవరైనా నన్ను కదపకుండా ఉంటారనుకుంటే నువ్వే ఉంటావనుకున్నాను. కదపవద్దని చెప్పడానికి కూడా ఊరంతా కదపాలా? ఇప్పుడు జవాబు రాయవద్దు. పొడి డబ్బా కూడా పంపవద్దు.

వినుత

*

మిట్టేమరి
16 అక్టోబరు

చిరంజీవి వినుతకు,

నువ్వు రాయవద్దన్నావు, పదహారు దినాలు రాయలేదు. ఆరో తేదీ దాటిపోయింది. బొమ్మలు ఇచ్చావో లేదో తెలియదు. ఇంతకంటే నాకు చేతకాదు.

తప్పు చేశాను. మన జ్వరం పట్నంవాళ్ళకు తెలియదని నువ్వు అంతకు ముందు ఉత్తరంలోనే రాశావు. ఏడుసార్లు చదివాను కానీ అది తలకెక్కలేదు. నీ ఒళ్ళు ఒక్కటే కనబడింది. బస్సులో అందరూ నన్నే చూస్తున్నారు, ఈరప్ప "అవ్వా, మెల్లగా" అంటున్నాడట, అదీ వినబడలేదు. ఇంక ఒకటి దాచాను, అది కూడా చెప్పేస్తాను.

పురుగులు బాగున్నాయని రాశాను కదా. అప్పటికే బాగలేవు. ఇరవై రెండో తేదీ అవి నాలుగో జ్వరంలో ఉన్నాయి. నీ ఉత్తరం రాక తొమ్మిది దినాలు. నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఆ వేళ మీ నాయన ఆకు కోయడానికి తోటకు పోయాడు. ఒక్కసారి చూద్దామని మనె తలుపు తీశాను. అక్కడొకటి ఇక్కడొకటి లేచి తల ఆడిస్తోంది. ఆకలేమో అనిపించింది. ఒక గంప ఆకు చల్లాను. లేచినవి తిన్నాయి. లేవనివి ఆకుకింద పడిపోయి తడికి మగ్గిపోయాయి. నలభై ఏళ్ళు పురుగులు మేపినదాన్ని, నాకు తెలియదా? తెలుసు. చేయి ఆగలేదు.

నాలుగు దినాలకు సగానికి పైగా పాల రోగం, పట్టుకుంటే చితికి తెల్లగా కారడం. మీ నాయన గుంత తవ్వి సున్నం చల్లి పూడ్చాడు. నన్ను తిట్టలేదు. "అమ్మా, నువ్వింక మనెలోకి రావద్దు" అన్నాడు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది. అది జరిగిన దినమే నీ "కదపవద్దు" వచ్చింది. ఈసారైనా సరిగ్గా చేస్తానని పంతం పట్టాను పాపా. ఒకటి ముట్టి చంపాను, దీన్ని ఎవ్వరినీ ముట్టనివ్వను అని. దాని ఫలం నీ మూడు సూదులు.

ఇప్పుడు మనె గడప బయట కూర్చుంటున్నాను. మిగిలినవి గూళ్ళు కట్టాయి, శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయాయి. ఒక గూడు చంద్రిక సందులో, అవి గూళ్ళు కట్టే వెదురు తడకలో, ఉండిపోయింది. చంద్రిక తెచ్చి ఎండలో పెడితే సోమవారం దానిలోంచి సీతాకోక చిలక వచ్చింది, తెల్లగా, రెక్కలు తడిగా. ఆకు ముందర పెట్టాను. చక్కెర నీళ్ళు పెట్టాను. ముట్టలేదు. అద్దాలు పెట్టుకుని చూస్తే దానికి నోరే లేదు. జీవితమంతా తినడం ఒక్కటే చేసినదానికి ఆఖరికి నోరు లేకుండా పోయింది. ఇన్నేళ్ళుగా ఒక్కదాన్ని కూడా ఇంతసేపు చూడలేదు. చిలక రాకముందే గూళ్ళు అమ్మేస్తాం కదా. మూడు దినాలు బతికి నిన్న పోయింది. నీకు పనికొస్తుందేమో అని రాశాను, వేరే ఉద్దేశం లేదు.

మీ నాయన తాలూకా ఆఫీసు వాళ్ళతో మళ్ళీ మాట్లాడాడు. నేను నోరెత్తలేదు. ఎత్తే ముఖం లేదు. సుజాతమ్మ మోకాలు ఎలా ఉంది?

అవ్వ

*

చిక్కబళ్ళాపురం
8 నవంబరు

అవ్వకు,

కోపం మొదటి వారమే. తర్వాత పని. ఆరో తేదీకి బొమ్మలు ఇచ్చాను, ఈసారి తిప్పి పంపలేదు. నీ ఉత్తరం వచ్చినప్పటినుంచి మూడు వారాలుగా నా సంచిలోనే తిరుగుతోంది.

ఆసుపత్రినుంచి ఆఫీసుకు పోయిన రోజే సార్ అడిగాడు, ఫోన్ ఎందుకు ఎత్తలేదని. నేను ఉడికిపోతున్నాను. మొత్తం చెప్పేశాను, నువ్వు బస్సులో అరిచినదానితో సహా. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు.

"మీ అవ్వ ఏమంది? మళ్ళీ చెప్పు."

"ముట్టద్దు, అన్నం పెట్టద్దు, తలుపు తెరవద్దు, అదే లేస్తుంది."

బోర్డుమీద రాసుకున్నాడు. "నాలుగు పేజీల్లో ఈ ముక్క ఎందుకు లేదు?" అన్నాడు. ఉందవ్వా, మూడో పేజీలో ఉంది. కానీ తడిబట్ట దగ్గరే అందరూ ఆగిపోయారు.

ఇప్పుడు ఆటలో ఎలుగవ్వ ముందు ఊరి తిండంతా తింటుంది. తర్వాత గుహలోకి పోయి రాయికి అంటుకుని నాలుగు జ్వరాలు కూర్చుంటుంది. ఆడేవాళ్ళ పని బయట కాపలా కాయడం, అంతే. లోపలినుంచి చప్పుడు రాదు. నాలుగోది లేచినాక ఆమెకు మాట ఉండదు. ఎవరినైనా గుర్తుపట్టినా చెప్పలేదు. అది నీ చిలక దగ్గర తీసుకున్నాను.

పోయిన నెలాఖరున పన్నెండు మందితో ఆడించి చూశాం. పదకొండు మంది నాలుగో జ్వరంలో గుహ మూతికున్న రాయి తొలగించి లోపలికి తొంగిచూశారు. ఎలుగవ్వ సగంలో పోయింది. "బతికుందో లేదో అని చూశాం, అంతే కదా" అని మాతోనే పోట్లాట. పన్నెండో అతను ఆగాడని చప్పట్లు కొట్టబోయాం. కుర్చీలో నిద్రపోయాడట.

ఇంత అయినా పర్మనెంట్ చేయలేదు అవ్వా. పైవాళ్ళు ఇంకో మూడు నెలలు చూస్తారట. ఎలుగుబంటికి రెక్కలు పెడితే పిల్లలకు నచ్చుతుందేమో అని కూడా ఒకాయన మెయిల్ పెట్టాడు. గోడకు తల కొట్టుకోవాలనిపించింది. కానీ నేను వదలను. నాయనకు నువ్వే చెప్పాలి. నాయనకు తెలుగు చదవడం రాదు కాబట్టి ఏది చదివి వినిపిస్తావో నీ ఇష్టం.

ఇంకొకటి. సార్‌కు పురుగులు చూడాలని ఉంది. వచ్చే శనివారం, పదిహేనో తేదీ, ఆయన, నేను, రంగులు వేసే పిల్ల వస్తాం. ఇప్పుడున్న కొత్త పురుగులకు అది నాలుగో జ్వరం సమయమని నాయన ఫోన్‌లో చెప్పాడు. చూపించాల్సింది నువ్వే. గడప బయటనుంచి కాదు.

సుజాతమ్మ మోకాలు అలాగే ఉంది. నీ గురించి రోజూ అడుగుతుంది, దూరంనుంచి.

వినుత

*

మిట్టేమరి
13 నవంబరు, గురువారం

చిరంజీవి వినుతకు,

నీ ఒళ్ళు ఎలా ఉంది అని అడగను. సహన తిరిగి వచ్చిందా అని మాత్రం అడుగుతాను. మీ అమ్మ నడుం వదిలింది. ఎర్రావుకు దూడ పుట్టేలా ఉంది, అది ఇంకో దిగులు.

మీ నాయనకు మొత్తం చదివి వినిపించాను, ఏదీ దాచలేదు. మూడు నెలలు అన్న చోట మూతి ముడిచాడు. "ఇంగా ఎన్నాళ్ళు చూస్తారంట, సంబంధం చూసినట్టు" అన్నాడు. పన్నెండు మంది దగ్గరికి వచ్చేసరికి "ఆగమ్మా, మళ్ళీ చదువు" అన్నాడు. చదివాను.

"పదకొండు మందీ తెరిచినారా?"

"తెరిచినారు."

"చదువుకున్నోళ్ళేనా?"

"ఇంజనీర్లే ఉంటారు."

చాలాసేపు నవ్వాడు. గుంత పూడ్చిన దినం తర్వాత వాడు నవ్వడం నేను చూడలేదు. తాలూకా ఆఫీసు వాళ్ళకు సంక్రాంతి దాటినాక చెబుతానన్నాడట. నాతో మాత్రం "ఆకు పరిచేదానికి రేపట్నుంచి నువ్వూ రామ్మా. నా చెయ్యి ఒకటే చాలడంలే" అన్నాడు. పోయాను. చెయ్యి తట్టమీద పెట్టాను. తింటున్నాయి.

ఇక మీరు వచ్చే సంగతి. పదిహేనో తేదీ వద్దు. రేపు సాయంత్రం ఇవి నాలుగో జ్వరానికి కూర్చుంటాయి. శనివారం రాళ్ళలా ఉంటాయి, చూడ్డానికేమీ ఉండదు. ఏమీ లేకపోతేనే మీ సారుకు చేయి ఆగదు. ఆయన ఆ పదకొండు మందిలో లేడని నువ్వు రాయలేదు. ఆదివారం లేచి, వారం తిండి తిని, ఒళ్ళు అద్దంలా మెరిసి, తలెత్తి చోటు వెతుక్కునే దినం ఒకటి ఉంటుంది. ఆ దినం వాటిని చంద్రికలమీదికి ఎక్కిస్తాం. అప్పుడు రండి. ముట్టుకోవచ్చు, అరచేతిలో పెట్టుకోవచ్చు, ఏమీ కాదు. రెక్కలు పెట్టమన్న పెద్దమనిషికి ఒక మాట చెప్పు, రెక్కలొచ్చినదానికి నోరుండదని. ఎలుగుబంటికి నోరు లేకపోతే తేనె ఎలా తాగుతుంది?

ఈ కవరు బరువుగా ఉందని ఈరప్ప అడిగితే ఏమీ చెప్పవద్దు. ఇందులో మనె తాళంచెవి ఉంది, నా కొంగుకు ఉండేది. రెండోది మీ నాయన దగ్గర ఉంది. వాడు తెరిచినప్పుడే నేనూ లోపలికి పోతాను. రేపూ ఎల్లుండీ నా చేతిలో తాళంచెవి ఉండకూడదు. నలభై మైళ్ళ దూరంలో ఉంటేనే నాకు నమ్మకం. ఎవరికీ ఇవ్వవద్దు, నేను బస్సులోంచి ఎవరి ఫోన్‌తో అరిచి అడిగినా సరే.

నువ్వు వచ్చేటప్పుడు తీసుకురా. పొద్దున మొదటి బస్సుకు, సారును, ఆ పిల్లను వెంటబెట్టుకుని, ఇరవై మూడో తేదీ, ఆదివారం.

అవ్వ